మల్లయ్య తాత చూడనన్న టెస్టు మ్యాచ్

మోకాలి ఆపరేషన్ అయిందని తెలిసి కిందటి నెల భాగ్యక్కను చూడ్డానికి అమీర్‌పేట వెళ్ళాను. ఒకప్పుడు మేం అద్దెకున్న ఇల్లు ఇప్పుడు లేదు. దాన్ని పడగొట్టి బిల్డరు అయిదంతస్తులు లేపాడు. ఓనర్ల వాటా కింద భాగ్యక్కకు మూడో అంతస్తులో ఒక ఫ్లాటు వచ్చింది. అక్క మంచం మీద దిండ్లకు ఆనుకుని, కట్టు కట్టిన కాలు చాపుకుని టీవీ చూస్తోంది. ఆస్ట్రేలియాలో మనవాళ్ళు ఆడుతున్న టెస్టు మ్యాచ్. అక్కడి ఆట మనకు తెల్లారకముందే మొదలవుతుంది కాబట్టి నేను వెళ్ళేసరికే చాలాసేపు గడిచిపోయింది. నేను తెచ్చిన బత్తాయిలు పక్కన పెట్టించి, మా అమ్మ ఆరోగ్యం, మా ఆయన ఉద్యోగం అన్నీ వరసగా అడిగి, చివరికి "మీ బిడ్డకు పరీక్షలంట గద? టీవీ బంద్ పెట్టిన్రా మరి?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అక్క ఎత్తిపొడవడానికి అనలేదని తెలుసు. ఎత్తిపొడుపులు ఆమెకు చేతకావు, అనదలుచుకుంటే ముఖం మీదే అనేస్తుంది. అయినా ఆ మాట వినగానే ఎప్పట్లాగే నాకు తల దించుకోవాలనిపించింది. నేను ఏ తప్పూ చెయ్యని ఒక విషయంలో ఇన్నేళ్ళుగా తప్పు చేసినదానిలా ఎందుకుంటానో చెప్పాలంటే మల్లయ్య తాత గురించి చెప్పాలి.

నేను ఇంటర్ చదివే రోజుల్లో అమీర్‌పేటలో నడవాలంటే భుజాలు అడ్డం పెట్టుకుని నడవాల్సిందే. మైత్రీవనం బిల్డింగు మొహం కనపడకుండా కంప్యూటర్ కోర్సుల బ్యానర్లు వేలాడేవి. ఏ బస్సు ఆగినా భుజాన సంచీతో, చేతిలో చిరునామా కాగితంతో పదిమంది కుర్రాళ్ళు దిగేవారు. రోడ్డంతా జిరాక్స్ మిషన్ల వేడి వాసన, మా సందులోకి తిరిగితే హాస్టళ్ళ వంటిళ్ళ నుంచి వచ్చే సాంబారు వాసన. మా నాన్నకు పంజాగుట్టలో ఒక ప్రైవేటు ఆఫీసులో ఉద్యోగం దొరికి తెనాలి నుంచి వచ్చాం. సందు చివర మల్లయ్య గారింట్లో పై వాటా మాది, కింది వాటా వాళ్ళది. ఆ ప్రాంతమంతా పొలాలుగా ఉన్నప్పటి నుంచీ ఆ కుటుంబం అక్కడే ఉంది. తాత కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. భార్య ఎప్పుడో పోయింది. కూతురు భాగ్యక్క, అల్లుడు ఆయనతోనే ఉండేవాళ్ళు. అల్లుడు లారీ మీద వెళ్తే పదిహేనేసి రోజులు కనపడేవాడు కాదు. తాత తెల్లారగానే చల్లనీళ్ళు గుమ్మరించుకుని, నుదుటి మీద కుంకుమ బొట్టు పెట్టుకుని, మెట్ల మీద కూర్చుని సాసర్లో చాయ్ పోసుకుని చప్పుడు చేస్తూ తాగేవాడు. ఆ చప్పుడే మా ఇంటికి అలారం. మనిషి మాట పెళుసు. అద్దెకొచ్చిన కొత్తలో మా అమ్మ ఆయన్ని చూసి భయపడేది కూడా. ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం టెస్టు క్రికెట్టు. ఒక్క రోజు మ్యాచ్‌లు వస్తే లేచి వెళ్ళిపోయేవాడు, "గది ఆటనా? పెండ్లిల బారాత్ లెక్క" అని.

అప్పట్లో ఒక ఆచారం ఉండేది. పరీక్షలు రాసే పిల్లలున్న ఇంట్లో ఫిబ్రవరి రాగానే కేబుల్ తీయించేసేవారు. అది పిల్లల కోసం ఎంతో, ఇరుగుపొరుగుకు తెలియడం కోసం కూడా అంతే. "మా అమ్మాయికి ఇంటర్ కదండీ, కేబుల్ కట్ చేయించేశాం" అని చెప్పుకోవడంలో తల్లులకు ఒక దర్జా ఉండేది. నాది ఇంటర్ రెండో సంవత్సరం, పైగా వెంటనే ఎంసెట్. మా అమ్మ కేబులాయన్ని పిలిపించింది. అతను మేడెక్కి మా వైరు పీకుతుంటే మల్లయ్య తాత కిందినుంచి అరిచాడు.

"ఓ భాయ్, మాది సుత తీసెయ్."

"మీదెందుకండీ మల్లయ్య గారూ? మా అమ్మాయికి కదా పరీక్షలు" అంది అమ్మ మొహమాటంగా.

"ఏందమ్మా, కింద మేం టీవీ పెడ్తే పైకి లొల్లి రాదా? పిల్ల సదువుకుంటది. రెండు నెల్లు టీవీ లేకుంటే సస్తమా?"

టీవీతో ఆగలేదు. గూట్లో ఉండే ట్రాన్సిస్టర్‌ని తువ్వాల్లో చుట్టి అటక మీదికి ఎక్కించాడు. మా ముందు అద్దెకున్నవాళ్ళ పిల్లల పరీక్షలప్పుడూ ఇలాగే చేసేవాడని పక్కింటివాళ్ళు చెప్పారు. అమ్మ పొంగిపోయింది. ఆ రాత్రి నాన్నతో, "సొంత తాతలు కూడా చెయ్యరండీ ఇలా" అంది. నన్ను పిలిచి, ఆ పెద్దాయన త్యాగం వృథా చెయ్యకు అని కూడా చెప్పింది. ఆ మాటతో నా మెడకు రాయి కట్టినట్టయింది. పుస్తకం ముందు నిద్ర వస్తే అంతకుముందు మామూలు నిద్రే అనుకునేదాన్ని. ఇప్పుడు ఉలిక్కిపడి లేచేదాన్ని.

అంతా బాగానే గడిచేది, ఆస్ట్రేలియా వాళ్ళు రాకపోతే. వాళ్ళు అప్పటికి ఎవరి చేతుల్లోనూ ఓడకుండా వరసగా గెలుచుకుంటూ వస్తున్నారట. మొదటి టెస్టులో మనవాళ్ళని చిత్తు చేశారు. రెండో టెస్టు కలకత్తాలో, సరిగ్గా నా పరీక్షల మధ్యలో మొదలైంది. నాకు క్రికెట్ గురించి తెలిసింది అంతంతమాత్రం. కానీ ఆ అయిదు రోజులూ నేను పుస్తకం కంటే మెట్ల మీద కూర్చున్న తాతనే ఎక్కువ చూశాను. చుట్టూ హాస్టళ్ళు కాబట్టి టీవీ లేకపోయినా మ్యాచ్ వినపడుతూనే ఉండేది. ఎక్కడో "ఓ" అని అరుపు లేచేది. తాత చాయ్ సాసరు పెదాల దగ్గరే ఆపి, మెడ చాచి, ఆ అరుపు వికెట్‌దా ఫోర్‌దా అని ఆలోచించేవాడు. మూడో రోజుకి మనవాళ్ళు తక్కువకే ఆలౌటై, మళ్ళీ వెంటనే బ్యాటింగ్‌కి దిగాల్సి వచ్చింది. "పోయింది తియ్యి. సూడకపోవుడే మంచిగైంది" అన్నాడు తాత ఎవరితోనో కాదు, ఎదురుగా ఉన్న కొళాయితో. నేను పైన కిటికీ దగ్గర ఇంటిగ్రేషన్ చేసుకుంటూ ఆ మాట విన్నాను. ఓడిపోయే మ్యాచే కదా, చూడకపోతే ఆయనకొచ్చిన నష్టం లేదు అని నాకు కాస్త ఊరట కలిగింది. మన జట్టు ఓడిపోవాలని అంత గట్టిగా కోరుకున్నది ఆ సందులో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

నాలుగో రోజు నాకు పరీక్ష ఉంది. సెంటరు ఎస్.ఆర్. నగర్‌లో. మధ్యాహ్నం పరీక్ష రాసి నడిచి వస్తుంటే మెయిన్ రోడ్డు మీద టీవీలమ్మే షాపు ముందు జనం పోగయ్యున్నారు. కోర్సుల ఫైళ్ళు చంకలో పెట్టుకున్న కుర్రాళ్ళు, ఆటోవాళ్ళు, ఆఫీసు టైలు కట్టుకున్నవాళ్ళు. అందరి వెనకాల, టీవీ అస్సలు కనపడని చోట, గొడుగు ఆనించుకుని మల్లయ్య తాత. ముందున్న కుర్రాడి వీపు చూస్తూ నిలబడి, అతను ఏమైనా చెప్తాడేమోనని ఎదురుచూస్తున్నాడు. నన్ను చూసి, బడి ఎగ్గొట్టి దొరికిపోయిన పిల్లాడిలా సర్దుకున్నాడు.

"గోళీలకు వచ్చిన బిడ్డా. బీపీ గోళీలు అయిపోయినయ్."

"స్కోరెంత తాతా?"

"నాకేం ఎరుక? నేనేడ జూసిన?"

ఇద్దరం నడిచాం. మా సందు మలుపు తిరిగేదాకా మాట్లాడలేదు. తర్వాత ఉండబట్టలేక అన్నాడు. "పొద్దుగాల సంది గా ఇద్దరే ఆడుతున్నరంట. ఒక్కడు సుత అవుట్ కాలే. ఆస్ట్రేలియోళ్ళకు బాల్ ఎట్ల ఎయ్యాల్నో సమజ్ అయితలేదంట." ఆ కళ్ళల్లో వెలుగు చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. "తాతా, టీవీ పెట్టించుకోండి. నాకేం ఇబ్బంది లేదు, నిజంగా" అన్నాను. ఆయన ఆగి నా వైపు తిరిగాడు. కోపమొచ్చిందనుకున్నాను. "వద్దు బిడ్డా. మ్యాచ్‌లు వస్తనే ఉంటయ్. పరీక్ష పోతే రాదు" అన్నాడు. గోళీల సంగతి ఇద్దరం మర్చిపోయాం.

ఆ సాయంత్రం కూడా వాళ్ళిద్దరే ఆడుతున్నారని, రోజంతా ఒక్క వికెట్ పడలేదని హాస్టళ్ళ కేకల్ని బట్టి ఊరంతా తెలిసిపోయింది. నేను మేడ మీద బట్టలు తీస్తున్నాను. భాగ్యక్క అక్కడే చాప మీద కూర్చుని ఎండబెట్టిన మిరపకాయల తొడిమలు తీస్తోంది. అప్పటికి ఆమెకు ముప్ఫై దాటి ఉంటాయి. ఎప్పుడూ నాతో సరదాగా ఉండే మనిషి ఆ నెలంతా ముభావంగా ఉంది. నేనే ఉండలేక, "నా వల్ల తాత మ్యాచ్ చూడలేకపోతున్నారక్కా. నువ్వైనా చెప్పు" అన్నాను. ఆమె తలెత్తలేదు.

"నీ వల్ల కాదు. నా వల్ల" అంది.

అప్పుడు చెప్పింది. ఆమె టెన్త్ పరీక్షలు రాస్తుండగానే తల్లి పోయింది. లెక్కల పరీక్ష ఒక్కటి రాయలేకపోయింది. మిగతావన్నీ పాసయింది. ఆ లెక్కల పరీక్ష సెప్టెంబర్‌లో మళ్ళీ రాయాలి. అప్పటికి సందు మొత్తానికి టీవీ ఉన్నది వాళ్ళింట్లోనే. అదే రోజుల్లో మద్రాసులో ఆస్ట్రేలియాతో టెస్టు మ్యాచ్. ఇంటినిండా మగవాళ్ళు. వాళ్ళకు చాయ్‌లు పెట్టడం ఈమె పని. పొయ్యి దగ్గర పుస్తకం పెట్టుకుని చదివింది. పరీక్ష సరిగ్గా మ్యాచ్ ఆఖరి రోజు మధ్యాహ్నం. సనత్‌నగర్ బడికి తండ్రి లూనా మీద దింపాలి. హాల్ టికెట్టు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"'జర ఆగు బిడ్డా, గీ ఓవర్ కానియ్' అన్నడు. అది కాంగనే ఇంకోటి. అందరి ముందట గట్టిగ అడగనీకె నాకు సిగ్గైంది. మేం పొయ్యేటాల్లకు గేటు బంద్ చేసిన్రు. లోపలికి రానియ్యలే." ఆ మ్యాచ్ చివరికి ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదట. "మళ్ళ రాయమన్నడు. నేనే రాయనన్న. ఎవల మీద కోపమో నాకే తెల్వది. తెల్లారి యాడాదికి పెండ్లి చేసిన్రు."

మిరపకాయల ఘాటుకో దేనికో ముక్కు తుడుచుకుంది. "గప్పటి సంది ఎవల పిల్లలకు పరీక్షలున్నా టీవీ బంద్ పెడ్తడు. ఊళ్ళోళ్ళ పిల్లలందరికి మొక్కు తీర్చుకున్నట్టు. నా దిక్కు తిరిగి ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అనలే. నేను గదంత కండ్లతోని జూసుకుంట కూసోవాలె."

నేను బట్టలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అప్పటిదాకా నాది ఒక ముసలాయన సరదా పాడుచేశానన్న చిన్న బాధ. ఇప్పుడు అలా కాదు. ఆ ఇంట్లోని ఆ నిశ్శబ్దం నాది కాదు. అది ఎప్పుడో ఆమెకు దక్కాల్సింది. ఆమె కళ్ళ ముందే నేను దాంట్లో కూర్చుని చదువుకుంటున్నాను. కిందికి దిగి పుస్తకం తెరిస్తే అక్షరం తలకెక్కలేదు. చదివితే ఆమెను దోచుకున్నట్టు, చదవకపోతే ఆయన్ను మోసం చేసినట్టు అనిపించింది. పదిహేడేళ్ళ పిల్లకు ఇదంతా ఎక్కువ బరువు. ఆ రాత్రి అన్నం తినలేదు. పరీక్షల భయం అనుకుని అమ్మ దిష్టి తీసింది.

మర్నాడు నాకు పరీక్ష లేదు. ఆ మరుసటి రోజు లెక్కలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక భాగ్యక్క పైకొచ్చింది. అమ్మ అప్పుడే పంజాగుట్ట వైపు ఏదో పనుండి వెళ్ళింది. "పిల్లా, ఒక్క పూట టీవీ పెడ్తే నీ సదువు ఖరాబైతదా?" అని అడిగింది. "పెట్టక్కా. నేనూ వస్తాను" అన్నాను. అక్క మేడెక్కి, కేబులాయన పీకి గోడకు చుట్టి వదిలేసిన వైరు తనే డబ్బాలో గుచ్చింది. లైన్‌మన్ కూతురు మరి. కిందికొచ్చి టీవీ పెట్టింది. మెట్ల మీద కునికిపాట్లు పడుతున్న తాత దిగ్గున లేచాడు.

"ఎవలు పెట్టిన్రు? తీసెయ్! బిడ్డ సదువుకుంటుంది!"

"బిడ్డ ఈన్నే ఉన్నది, సూడు. నేనే పెట్టిన. కూసో నాయినా."

ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రాలేదు. టీవీలో ఆస్ట్రేలియా వాళ్ళు నింపాదిగా ఆడుతున్నారు, మ్యాచ్ డ్రా అయ్యేలా ఉంది. భాగ్యక్క తెర వైపే చూస్తూ, మామూలుగా, ఉప్పు అయిపోయింది అన్నంత మామూలుగా అంది.

"నాకు లెక్కలు రావు నాయినా. గా దినం టైముకు పోయినా తప్పుతుంటి. నువ్వు ఉత్తగ ఫికర్ చేస్తున్నవ్."

తాత కూతురి వైపు తిరిగాడు. తర్వాత, "నీకు రావా?" అన్నాడు.

"రావు."

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివి?"

"నువ్వు అడగకపోతివి."

ఆయన లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కూర్చోవడం కాదు, ఒక్కసారిగా కుర్చీలోకి దిగిపోయాడు. టీ విరామం తర్వాత వికెట్లు పడ్డం మొదలైంది. ఒకటి పడింది, ఇంకోటి పడింది, చుట్టూ హాస్టళ్ళు ఊగిపోతున్నాయి. నేను కూడా ఏమీ తెలియకుండానే అరిచాను. తాత మాత్రం చప్పుడు చెయ్యలేదు. చివరి వికెట్ పడి, మనవాళ్ళు మైదానంలో పరుగులు తీస్తూ, సందులో టపాసులు పేలుతుంటే, భుజం మీది తువ్వాలతో ముఖం మొత్తం కప్పుకున్నాడు. భాగ్యక్క లేచి వెళ్ళి ఆయన కుర్చీ వెనకాల నిలబడింది. ముట్టుకోలేదు, నిలబడిందంతే. అమ్మ సంచీలతో వచ్చి, గుమ్మంలో ముగ్గుర్నీ చూసి, ఎవరికేమైందోనని హడలిపోయింది.

ఆ తర్వాత తాత మారిపోయాడు. అది ఎంత మార్పంటే మూడో టెస్టుకి టీవీ గోడలదిరేలా పెట్టాడు. "ఇదేంటండీ, ఓనరు గారు ఇలా అయిపోయారు? పిల్లకి ఎంసెట్ ఉందని మరిచిపోయారా?" అని అమ్మ నాన్న దగ్గర వాపోయింది. నేను చెవుల్లో దూది పెట్టుకుని చదివాను. సీటు వచ్చింది. అంటే ఆ నిశ్శబ్దం నాకు అంత అవసరం కూడా కాదన్నమాట. ఆ సంగతి తెలిసి మరింత సిగ్గేసింది. స్వీట్లు తీసుకెళ్తే తాత ఒకటి తిని, ఇంకోటి భాగ్యక్క నోట్లో తనే పెట్టాడు. ఆయన అలా చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. మరుసటి మార్చిలో మా తర్వాత ఆ వాటాలో దిగినవాళ్ళ పిల్లాడికి టెన్త్ వస్తే, "వాళ్ళది తియ్యి, మాది ఉండనీ" అన్నాడట కేబులాయనతో. చనిపోయేదాకా ఒక్క టెస్టు వదల్లేదు. హాయిగా చూశాడు.

నా చదువు, ఉద్యోగం, ఈ రాతలు అన్నీ ఆ తర్వాత వచ్చినవే. భాగ్యక్కకు లెక్కలు రావన్న మాటను నేను కూడా నమ్మాను. మిగతావన్నీ పాసయి, తల్లి పోయినందువల్ల ఒక్క పరీక్షకు వెళ్ళలేకపోయిన అమ్మాయి అని స్వయంగా విని కూడా నమ్మాను. ఎందుకంటే నమ్మడం నాకు సుఖంగా ఉంది. ఆమె ఎలాగూ తప్పేదే అయితే నేను ఎవరి చోటులోనూ కూర్చోలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరి గదిలో వాళ్ళకు తలుపులు, ఎవరి చెవుల్లో వాళ్ళకు ఇయర్‌ఫోన్లు. మా అమ్మాయి పరీక్షలకు ఎవరూ దేన్నీ ఆపక్కర్లేదు. పక్క ఫ్లాటులో పిల్లలు ఏం చదువుతున్నారో నాకు తెలియదు. అది మంచిదే అనుకుంటాను. ఒకళ్ళ చదువు భారం ఇంకొకళ్ళ మీద పడదు. అయినా ఎవరో నా కోసం టీవీ ఆపి మెట్ల మీద కూర్చున్న ఆ మార్చి నెలను తలుచుకుంటే, ఈ సౌకర్యం నాకు అంత గొప్పగా అనిపించదు.

కిందటి నెల ఆ రోజు అక్క దగ్గర బత్తాయి వలుస్తూ కూర్చున్నప్పుడు ఇదంతా గొంతు దాకా వచ్చింది. టీవీలో ఓవర్ల మధ్య ప్రకటనలు వస్తున్నాయి. ఎప్పుడో అడగాల్సింది అప్పుడు అడిగాను.

"అక్కా, నీకు నిజంగానే లెక్కలు రావా?"

ఆమె నా వైపు తిరిగింది. తొనలు చేతిలో పెడితే తీసుకుంది, నోట్లో పెట్టుకోలేదు.

"ఎందుకు రావు? మా సార్ నన్నే బోర్డు కాడికి పిలుస్తుండె. క్లాసుల అందరికంటే ముందుగాల నేనే చేస్తుంటి."

"మరి తాతకు అలా చెప్పావేం?"

"ముసలోడు మస్తు రోజులు మోసిండు. గా మ్యాచ్ సుత సూడకపాయె. ఇగ సాలనిపించింది."

ఆమె చేతిని పట్టుకున్నాను. ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పని మాట నాకెందుకు చెప్పావని అడిగాను. నేను పాసయినదాన్నని, ఈ మాట వినడానికి నాకు ముఖం లేదని అనబోయాను గానీ అనలేకపోయాను. భాగ్యక్క నా చేతిని విదిలించలేదు.

"ఎవలికన్న ఒకలికి తెల్వాలె గద పిల్లా" అంది, "నేను పాసయితుంటినని."